బండను తినే గొంగళ్లు

మేళ్లచెరువు దాటాక వచ్చే ఆ ఊళ్లో సున్నపుగొంగళ్లంటే అందరికీ మంటే. బొటనవేలంత లావు, తెల్లటి ఒళ్లు, దాని మీద ఎర్రటి నూగు. ఆకు ముట్టవు, సున్నపురాయి తింటాయి. ఇంట్లో పరిచిన నాపరాళ్లను ఒక్క వానాకాలంలో జల్లెడ చేస్తాయి. అందుకే కనపడ్డచోటల్లా ఉప్పునీళ్లు పోసి చంపేవాళ్లు.

ఆ పొద్దున యాదగిరి భార్య మంజులత, దిగుడుబావిలో పడ్డ మేకపిల్ల కోసం మెట్లు దిగింది. పక్కగోడ జారింది. మేకపిల్ల బయటికి ఉరికొచ్చింది, మంజులత రాలేదు. పెద్ద సున్నపుబండ ఆమె కుడిపాదం మీద పడి, పక్కనున్న చిన్న రాయికి ఆనుకుని ఆగింది. ఆ రాయి మీద అప్పటికే పగులు. అది విరిగితే బండ మొత్తం ఆమె నడుం మీదికి వస్తుంది.

యాదగిరి పిలిపించిన జేసీబీ డ్రైవర్ బావి దగ్గరికి కూడా రాలేదు. “బండి బరువుకు కడమ గోడ గూడ దిగుతదన్నా. నాతోని కాదు.”

సమ్మెటతో ఒక్క దెబ్బ వేసేసరికి పైనుంచి మట్టి జలజలా రాలింది. యాదగిరి సమ్మెట పారేసి ఊళ్లోకి పరుగెత్తాడు. బండను కదపకుండా కొరికే గొంగళ్ల కోసం ఇల్లిల్లూ తిరిగాడు. ఒక్కటి లేదు. అందరూ చంపేశారు.

చివరింటి గులాబ్‌బీ ఒంటరి ముసలామె. ఉప్పునీళ్లు మోసే ఓపిక ఆమెకు లేదు.

“నా గోడ నిండ అవే బేటా. తీస్కపో.”

“తీస్తే గోడ కూల్తదవ్వా.”

“కూలనియ్యి! పొల్ల ఆడ సస్తాంటే గోడ సంగతేంది? జల్ది కానీ.”

గడ్డపారతో పొడవగానే గోడ కూలింది, దాంతోపాటు సగం కప్పూ దిగింది. ఆ దుమ్ములోనే గొంగళ్లను తట్టకెత్తుకుని అతను బావి దిగాడు.

“గులాబ్‌బీ అవ్వ గోడ కూలగొట్టి తెచ్చిన” అంటూ వాటిని బండ మీద అడ్డంగా వరుసగా పెట్టాడు. కరకరమని తినసాగాయి. కానీ కొన్ని కిందికి పాకి చిన్న రాయిని పట్టుకుంటున్నాయి. వాటిని వట్టిచేతులతో ఏరి మళ్లీ పైన పెట్టాడు. నూగు గుచ్చుకుని అరచేతులు నిప్పు పట్టినట్టు మండాయి, వేళ్లు వాచి బిగుసుకుపోయాయి.

“పాదం తెలుస్తలేదు. ఉన్నదా?” అంది మంజులత.

“ఉన్నది.”

“నువ్వు పైకి పో. ఇద్దరం పోతే నిహారిక ఎట్ల?”

పైన పాప ఏడుపు వినిపిస్తూనే ఉంది. యాదగిరి పైకి పోలేదు. వేళ్లు వంగక, మోచేతులతో పురుగులను నెడుతున్నాడు.

చిన్న రాయి టప్పుమని విరిగింది. అతను తన భుజాన్ని బండ కింద దోపి అరిచాడు. అదే ఊపుకు, గొంగళ్లు తిన్నచోట బండ రెండుగా చీలింది. సగం అవతలికి దొర్లిపోయింది, రెండో సగం యాదగిరి భుజం మీద నిలిచింది. పైన తాడు పట్టుకుని నిలబడ్డ పక్కింటి కరీం దాన్ని వదిలి దిగొచ్చి, మంజులత చంకల కింద చేతులేసి లాగాడు.

దవాఖానలో పాదం తీసేశారు. మర్నాడు ఆమె కళ్లు తెరిచేసరికి, రెండు చేతులకూ కట్లతో యాదగిరి పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమె దుప్పటి అంచు ఎత్తి, పాదం లేనిచోట చూసింది. అతను తల ఎత్తలేదు.

“గులాబ్‌బీ అవ్వ ఏడున్నది?” అని అడిగింది.

“మనింట్లనే. నిహారికను సూస్కుంటాంది.”

“కింద పండనియ్యకు. నా మంచమియ్యి” అని, మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చింది.