పోతరాజు అపీలు

నిజాం కాలం, పందొమ్మిది వందల నలభై ఒకటి. ఆ ఏడు బల్కంపేట బోనాల్లో ఎల్లమ్మ అమ్మవారి ముందు నడిచే పోతరాజును నేనే. ఒళ్ళంతా పసుపు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడా. డప్పు మోగగానే అమీర్‌పేట మొత్తం నీళ్ళ అడుగున ఊగుతున్నట్టు కనిపించింది. మనుషుల ముఖాలన్నీ కరిగిపోయాయి. ఒక్క ముఖం మాత్రం కరగలేదు. అది పంజగుట్ట ఓదెలుది. నా మడికొచ్చే కాలువకు అడ్డుకట్ట వేసి వరి ఎండబెట్టినవాడు. కొరడాతో మూడు దెబ్బలు కొట్టాను. "నీ ఇంట్ల దీపం ఆర్పుత" అని అరిచాను.

ఓదెలు కేసు పెట్టాడు. కొట్టినందుకు, బెదిరించినందుకు ఆరు నెలల శిక్ష పడింది. వకీలు రాజనర్సయ్య అపీలు వేసి, జామీను మీద నన్ను బయటికి తెచ్చాడు.

"సాయిలూ, పూనకంల ఉంటిని, నాకేం ఎరుకలేదు అను. చాలు," అన్నాడు. "ఓదెలు సుత గదే చెప్తనంటుండు."

వాడు నా పక్షాన చెప్పడమేమిటని నోరు తెరిచాను. సంగతి తర్వాత తెలిసింది. నాకు శిక్ష పడిన వారానికే వాడి కూతురికి చలిజ్వరం పట్టుకుంది. ఆనాడు కొట్టింది ఎల్లమ్మేననీ, తాను అమ్మనే కోర్టుకు ఈడ్చాననీ వణికిపోతున్నాడు. అమ్మ కోపానికి మందేమిటని పిల్లను దవాఖానకు కూడా తీసుకుపోవడం లేదట. వట్టి వెర్రివాడు! మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత అన్నం సయించలేదు.

వాయిదా నాడు పెద్ద కోర్టులో కప్పు కింద పావురాలు ఎగురుతున్నాయి. ఆ రెక్కల చప్పుడు దూరపు డప్పులా వినిపించి, కళ్ళ ముందు అంతా మళ్ళీ ఊగింది. ఓదెలు ఒక మూల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిక్కి సగమయ్యాడు.

జడ్జి ఉర్దూలో అడిగింది వకీలు తెలుగులో చెప్పాడు. "కొట్టినప్పుడు నీకు సోయి ఉండెనా?"

లేదను, లేదను అని రాజనర్సయ్య కళ్ళతోనే బతిమాలాడు. లేదు అన్నానంటే చాలు, ఇంటికి పోతాను.

"ఉండె, హుజూర్," అన్నాను. "అప్పుడు అమ్మ నా ఒంట్ల లేకుండె. కాలువ మీది కోపంతోని నేనే కొట్టిన. ఆ మాట సుత నేనే అన్న."

రాజనర్సయ్య తల పట్టుకున్నాడు. ఓదెలు నా దగ్గరికి దూసుకొచ్చాడు.

"నువ్వేనార? ఒట్టు?"

"నేనే. జల్ది పోయి పిల్లను దవాఖానకు తీస్కపో."

కోర్టు అని కూడా చూడకుండా వాడు నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. తిడుతూ ఏడ్చాడు. ఏడుస్తూనే మెట్లు దిగి పరుగెత్తాడు.

శిక్ష ఖాయమైంది. ఆరు నెలలూ జైల్లోనే ఉన్నాను. పిల్ల బతికింది.

ఆ మూడు దెబ్బలు కొట్టింది నేనే, అందులో అనుమానం లేదు. కోర్టులో నిజం చెప్పింది ఎవరో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.