హిల్లెగొండ బకెట్టు

గుర్రపు ట్రాములు పోయి నూరేళ్లు దాటినా, హేగ్ నగరంలో ట్రాము గుర్రానికి నీళ్లు పెట్టే ఉద్యోగం మాత్రం పోలేదు. ముత్తాత నుంచి వరసగా వచ్చి ఇప్పుడది హిల్లెగొండ చేతిలో ఉంది. ఆవిరి ట్రాము వచ్చినప్పుడు ఆ నీళ్లు బాయిలరులో పోశారు. కరెంటు ట్రాముకి అద్దాలు కడిగారు. నడుము వంచే రెండు పెట్టెల ట్రాము దిగాక, రెండు నోళ్లుంటాయేమోనని రెండో బకెట్టు కొన్నారు. తీసేద్దామని ఎవరికీ తోచక కాదు. ఒక్కరు కాదన్నా ఈ దేశంలో ఏ పనీ ముందుకు సాగదు.

ఇప్పుడు ఏడు పెట్టెల కొత్తది వచ్చింది. మెట్లు లేవు, చప్పుడూ లేదు. డిపో అధికారి ఫ్లోరిస్ మీటింగు పెట్టి, తలా ఒక కాఫీ, తలా ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత బిగించాడు.

"హిల్లెగొండగారూ, ఇది నీళ్లు తాగదండీ."

"దాన్నడిగారా? సంబంధం ఉన్నవాళ్లందర్నీ అడగాలిగా!"

పద్ధతి పద్ధతే. అందరూ కప్పులు పట్టుకుని షెడ్డులోకి నడిచి, ట్రాము ముందు కుర్చీలేసుకున్నారు.

"తమరికి నీళ్లు కావాలాండీ?" అన్నాడు ఫ్లోరిస్.

మర్యాదకి పది నిమిషాలు ఆగారు. 'నీళ్లు ఆపెయ్యడానికి ట్రాముకి అభ్యంతరం లేదు' అని రాయబోయాడు గుమాస్తా.

ఆ బకెట్టు పోతే పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లాలో హిల్లెగొండకి తెలియదు. గబగబా నీళ్లు నింపి పట్టాల మధ్య పెట్టింది.

"ఒరే వీబె, నడుపు!"

ఇరవయ్యేళ్లుగా ఆమెతో కలిసి భోంచేస్తున్న డ్రైవరు వీబె మీట నొక్కాడు. ట్రాము కదిలి, బకెట్టుకి జానెడు దూరంలో తనంతట తానే ఆగింది. అడ్డం కనిపిస్తే ఆగడం దాని కొత్త విద్య. మళ్లీ నొక్కినా కదలలేదు.

"చూశారా, దాహం!" అంది హిల్లెగొండ.

"ఆ బకెట్టు తీసేస్తే పోలా?" అన్నాడు ఫ్లోరిస్.

"తియ్యండి మరి. అది మీ ఉద్యోగమా?"

కాదని ఫ్లోరిస్ ఒప్పుకున్నాడు. తీర్మానం చదివాడు: "హిల్లెగొండగారి ఉద్యోగం యథాతథంగా ఉంటుంది. ట్రాము తనంతట తానే ఆగుతోంది కాబట్టి..."

"సరే! సరే!" అని ఆవిడ ఆనందం పట్టలేక అరిచింది. మిగతావాళ్లు కూడా తలూపారు. గుమాస్తా రాసేసి ముద్ర కొట్టాడు.

"కాబట్టి డ్రైవరు అక్కర్లేదు," అని ఫ్లోరిస్ మిగతాది పూర్తిచేశాడు.

వీబె టోపీ తీసి, మెల్లిగా కిందికి దిగాడు.

"నువ్వు కాదంటావనే ధైర్యంగా కూర్చున్నానక్కా," అన్నాడు.