గొడుగుల కొట్లో కాసేపు వాన

డైరెక్టరమ్మ ఇంట్లో అవార్డులకు ఊరికే కూర్చునే యోగం లేదు. కంచు పక్షి ముక్కుకు ఇంటి తాళాలు వేలాడతాయి. గాజు పలక కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం నిలబడుతుంది. అన్నిటికన్నా పెద్దది, పడవ రేవులో టిక్కెట్లు చింపేవాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీకి వచ్చినది, పెళ్లయిన మర్నాడే కొత్త ఉద్యోగంలో చేరింది. పెళ్లికొడుకు తన తడి సాక్సులు దాని మీద ఆరేశాడు.

"బరువుగా ఉంది మేడమ్, గాలికి పడదు" అన్నాడు.

ఆమె నవ్వి నవ్వి మంచం మీద కూలబడింది. ఆ అవార్డు చేతికిచ్చిన రోజున కూడా అంత సంతోషపడలేదేమో.

పెళ్లికొడుకంటే వేరెవరో కాదు, సౌండాయన. ఆమె సినిమాలకు శబ్దం పట్టే మనిషి. పొడుగాటి కర్ర చివర మైకు కట్టుకుని ఏళ్ల తరబడి ఆమె పక్కనే తిరిగాడు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి వచ్చాక కూడా ఆయన నోటికి 'మేడమ్' వదల్లేదు. "మేడమ్, దుప్పటంతా మీవైపే ఉంది" అంటాడు. ఆమె మాత్రం 'నువ్వు' అని మొదలుపెట్టి 'రండి' దగ్గర తేలుతుంది. పొద్దున్నే ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి చేరబడి కనిపిస్తే చాలు, ఆమె కాళ్లు నేల మీద నిలవవు.

ఇంత సంబరంలోనూ ఆమెకు ఒక ముల్లు ఉంది. చిన్నదే. నడిచేటప్పుడు తెలియదు, ఆగినప్పుడు గుచ్చుకుంటుంది.

ఆ ముల్లు సంగతి తెలియాలంటే ఆమె పని తెలియాలి. ఆమెకు పేరు తెచ్చింది ప్రశ్నలు అడగడం కాదు, అడిగాక ఊరుకోవడం. ఆసుపత్రి దుప్పట్లు ఉతికేవాళ్ల మీద తీసిన మొదటి సినిమా నుంచీ అదే పద్ధతి. ఒక మాట అడుగుతుంది. ఎదుటివాళ్లు ఏదో ఒకటి చెప్పేస్తారు. ఆమె ఇంకో ప్రశ్న వెయ్యదు, తల కూడా ఊపదు, అలా చూస్తూ కూర్చుంటుంది. ఆ మౌనానికి మనిషి కాస్త ఇబ్బందిపడి, కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకుని, అప్పుడు బయటపెడతాడు అసలు సంగతి. "మా ఆవిడ అరిచి అడిగినా చెప్పలేదమ్మా, నువ్వు నోరు మూసుకుని చెప్పించేశావు" అని డ్రైవింగు నేర్పే మాస్టారు ఒకాయన వాపోయాడు. అందుకని మౌనాల గురించి ఆమెకు బాగా తెలుసు. ఏ మౌనం భయం, ఏది సిగ్గు, ఏది లోపల్లోపల తూకం వేసుకోవడం, ఇట్టే చెప్పగలదు.

తెలుసు గనకే ఆ ముల్లు.

ఆమెకు ఇంకో పట్టింపు కూడా ఉంది. తన సినిమాలో వినబడే ప్రతి చప్పుడూ కనబడే చోటిదే అయ్యుండాలి. అరువు శబ్దం ఒక్కటి కూడా ఇంతవరకు వాడలేదు. ఆ పట్టింపే ఇవాళ ఆమె పీకల మీదికి తెచ్చింది.

"ఇంకోసారి చూడక్కా" అన్నాడు ఎడిటరు. ఆమె రెండో సినిమా నుంచీ ఆమె దగ్గరే ఉన్న మనిషి. ఎడిటింగు గదిలో వాళ్లిద్దరే. బల్ల మీద చల్లారిన టీ. సినిమా చిత్రోత్సవానికి పంపడానికి రేపే గడువు.

తెర మీద గొడుగుల తాత. మెట్ల కింద ఇరుకు కొట్టు, పైన రేకు, రేకు మీద వాన.

"గొడుగు బాగుచేయించుకోడానికి వచ్చేవాళ్లంతా తడిసే వస్తారు. పొడిగా ఎవడొస్తాడు? అందుకే నేను ముందు తువ్వాలిస్తా. తర్వాతే గొడుగు తీసుకుంటా. మా ఆవిడా అలాగే వచ్చింది."

తాత అక్కడ ఆగాడు. చేతిలో విరిగిన గొడుగు పుల్లను చూసుకున్నాడు. ముడతల మధ్య నుంచి నవ్వు మెల్లగా పైకి వస్తోంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగడం మొదలెట్టింది. మోగి మోగి ఆగింది. తాత తల కూడా తిప్పలేదు.

"గొడుగు పట్టుకెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. తువ్వాలు తిరిగివ్వడానికట."

ఆ ఫోను డైరెక్టరమ్మదే. షూటింగులో ఎవరి ఫోనైనా కుయ్యిమంటే మనిషిని కళ్లతోనే కాల్చేసే మనిషి, ఆ రోజు తన ఫోను కట్టేయడం మర్చిపోయింది. చేసింది వాళ్లమ్మ.

"ఆ ఆగడం కోసేద్దాం. మాట పక్కన మాట అతికిస్తే ఫోనూ పోతుంది" అన్నాడు ఎడిటరు.

"ఆగకుండా చెబితే అది జోకు. ఆగి చెబితేనే ఆవిడ కనబడుతుంది."

"పోనీ బొమ్మ ఉంచి, శబ్దం వరకు తీసేసి మన దగ్గరున్న వేరే వాన వేద్దాం. వాన వానే కదక్కా."

"ఆ రేకు మీద పడ్డ వాన కాదుగా."

"చూసేవాళ్లకేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. సినిమా వేసిన రోజు తాత కూడా హాల్లో కూర్చుని చూస్తాడు. ఆయన ముఖం వంక ఎలా చూడను?"

ఎడిటరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ రోజు తీసిన మిగతా వానలోంచి కాస్త తుంచుకుందామన్నా కుదరడం లేదు. తాత నోరు ఊరుకుంటే చేతులు ఊరుకోవు, టకటకా ఏదో ఒకటి కొడుతూనే ఉంటాడు. పోయి మళ్లీ పట్టుకొద్దామంటే ఆ కొట్టే లేదు. తాత బజారు మేడ మీద కొత్త కొట్టు తీసుకున్నాడు. ఫ్యాను కింద దర్జాగా కూర్చుని, "ఇప్పుడు నా ముక్కు మీద చినుకు పడదు" అని వచ్చినవాళ్లందరికీ చూపించుకుంటున్నాడు.

"ఇంతకీ ఆ రోజు గది మౌనం పట్టలేదా?" అన్నాడు ఎడిటరు.

ఎక్కడ చిత్రీకరించినా చివర్లో అందరూ బొమ్మల్లా నిలబడిపోతారు. ఆ గది ఏ మాటా లేనప్పుడు ఎలా వినిపిస్తుందో సౌండాయన కాసేపు పట్టుకుంటాడు. ఏ గది మౌనం ఆ గదిదే. తర్వాత శబ్దంలో ఎక్కడైనా చిల్లు పడితే దానితోనే మాసిక వేస్తారు.

"పట్టాం. చెడిపోయింది" అంది డైరెక్టరమ్మ.

"ఎవరు చెడగొట్టారు?"

"నేనే."

"నువ్వా? దగ్గొస్తే కూడా మింగేస్తావు కదక్కా."

ఆమె చల్లారిన టీ గ్లాసు అందుకుంది. బుగ్గలు వేడెక్కాయి.

ఆ రోజు షాటు అయ్యాక ఆమె వాళ్లమ్మకు ఫోను చేసింది. "ఆ సంబంధం సంగతి ఏం చేశావే?" అంది అమ్మ. షూటింగులో ఉన్నానంటే, "నువ్వెప్పుడు లేవు గనక? నీ పెళ్లికి కూడా కెమెరా వెనకే నిలబడతావు" అని పెట్టేసింది. ఆమె నవ్వుకుంటూ లోపలికొచ్చి, గది మౌనం కోసం అందర్నీ కదలొద్దంది. కెమెరా అబ్బాయి గుమ్మంలో, తాత పీట మీద, సౌండాయన ఆమె ఎదురుగా. ఆయన మైకు కర్ర ఎత్తి పట్టుకున్నాడు. బొచ్చు తొడుగు వేసిన ఆ మైకు సరిగ్గా ఆమె నెత్తి మీద ఉంది. అచ్చం ఆమెకు గొడుగు పట్టినట్టు. ఇన్నేళ్లుగా ఈ మనిషి తన పక్కన ఇలాగే నిలబడ్డాడన్న సంగతి ఆ వానలో ఆమెకు కొత్తగా తట్టింది. తట్టిందే తడవుగా నోరు జారింది. పెళ్లి మాట అడిగేసింది.

అడిగాక అలవాటు కొద్దీ ఊరుకుంది. ఆయనా ఊరుకున్నాడు. రేకు మీద వాన మోగుతూనే ఉంది. కళ్లు ఆర్పకుండా ఆయన అలా నిలబడ్డాడు, నిలబడ్డాడు. ఆఖరికి "సరేనండి" అన్నాడు.

అదీ ముల్లు. అంతసేపు ఊరుకున్న మనిషి రెండువైపులా తూచుకునే ఉంటాడు. తూచుకుంటే తప్పేం లేదు. కానీ అటువైపు తక్కెడలో ఏం పెట్టాడో, అది ఎంత బరువు తూగిందో ఆమెకు తెలియదు. ఊళ్లో అందరి చేతా మాట్లాడించగల మనిషి ఈ ఒక్కటీ మొగుణ్ణి అడగలేక ఊరుకుంది.

తలుపు తోసుకుని సౌండాయన వచ్చాడు, చేతిలో క్యారేజీ. "కూరలో ఉప్పు తక్కువైంది మేడమ్, ముందే చెబుతున్నా."

"రండి బావగారూ" అన్నాడు ఎడిటరు. పెళ్లయిన రోజు నుంచీ ఆ పిలుపే. "మా అక్క తువ్వాలు సీను చేజారిపోతోందని కూర్చుంది. మిగతా వాగుడంతా ఎలాగైనా కోసుకో గానీ ఆ ఒక్క మాటా ఉంచమ్మా అని తాత మరీ మరీ అడిగాడట. తీరా గది మౌనమేమో చెడగొట్టుకున్నారట."

సౌండాయన క్యారేజీ బల్ల మీద పెట్టాడు. గిన్నెలు విప్పలేదు.

"చెడిన టేకులు ఆ సాయంత్రమే చెరిపేస్తారుగా మీరు" అంది ఆమె మెల్లగా.

"చెడినవైతే చెరిపేస్తా."

"మరి?"

"అది చెడలేదు మేడమ్. మొదట్లో మీ గొంతుంది, అంతే. ఆ తర్వాతంతా శుభ్రంగా ఉంది." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మిగతావాటితో కలిపి ఇస్తే వీడు వింటాడని ఇవ్వలేదు. అవసరం పడుతుందనుకోలేదు."

"వీడు ఇప్పుడు కూడా వింటాడు" అన్నాడు ఎడిటరు, కుర్చీ ముందుకు లాక్కుని.

"కాసేపు బయటికెళ్లరా" అంది డైరెక్టరమ్మ.

"వెళ్లనక్కా."

స్పీకర్లలో ముందు ఆమె గొంతు వచ్చింది. అందరూ కదలకండి. వాన. తర్వాత అదే గొంతు, బాగా తగ్గి: "మీరూ నేనూ పెళ్లి చేసుకుంటే ఎలా ఉంటుందండీ?"

ఎడిటరు నోట్లో గుడ్డ కుక్కుకున్నంత పని చేశాడు.

వాన. రేకు మీద సన్నగా, చూరు దగ్గర లావుగా. ఎవరి ఊపిరీ లేదు. పుల్ల కదిలిన చప్పుడు కూడా లేదు, తాత చేతులు కూడా ఆగిపోయాయి. వాన అలా సాగి సాగి, చివర్లో సౌండాయన గొంతు. "చాలు." వెంటనే, ఊపిరి తీసుకోకుండా, "సరేనండి."

దాని వెనకే తాత గొంతు. "ఇదిగోమ్మా తువ్వాలు. ముఖం తుడుచుకో, చెమట్లు పడుతున్నాయి."

ఆ 'చాలు' డైరెక్టరమ్మకు అసలు గుర్తే లేదు. మొగుడి వైపు తిరిగింది.

"అంతసేపు ఎందుకు ఊరుకున్నారు?"

ఆయన తెల్లబోయాడు. "రికార్డింగు నడుస్తోంది కదా మేడమ్. నోరు తెరిస్తే వాన పాడైపోదూ?"

"మరి ఆలోచించుకోలేదా?"

"ఆలోచించడానికేముంది? మీరు అడగ్గానే సరే అనుకున్నా. మిగతాదంతా ఊపిరి బిగబట్టుకోవడమే. కర్ర వణికితే మైకులో తెలిసిపోతుందని ఒకటే భయం."

ఆమె ఇంకేమీ అనలేదు. అలా చూస్తూ ఊరుకుంది. ఆ చూపుకు ఆయన కాస్త కదిలి, గొంతు సవరించుకున్నాడు.

"నిజం చెప్పాలంటే, మామూలుగా పట్టేదానికన్నా తొందరగానే ఆపేశా" అన్నాడు.

ముల్లు ఊడి ఎక్కడ పడిందో కూడా ఆమె చూసుకోలేదు. కూరలో ఉప్పు లేదన్న సంగతి కూడా ముగ్గురూ గిన్నెలు ఖాళీ చేశాక గుర్తొచ్చింది. అప్పటికే ఎడిటరు తాత మౌనానికి ఆ వాన మాసిక వేశాడు. ఎక్కడ కుట్టాడో కుట్టినవాడికే కనబడలేదు.

చిత్రోత్సవంలో ఆమెకు ఒక పక్కన సౌండాయన, ఒక పక్కన వాళ్లమ్మ. ముందు వరసలో తాత, చొక్కా ఇస్త్రీ మడతలతో. తెర మీద తాత ఆగాడు. హాలంతా వాన వింటోంది. చీకట్లో సౌండాయన చెయ్యి ఆమె చేతిని వెతుక్కుంది.

తువ్వాలు మాటకు అందరూ నవ్వారు. వాళ్లమ్మ కూడా నవ్వి, చెవి దగ్గరికి వంగింది. "ఆ ముసలాయన మధ్యలో అంతసేపు ఏం ఆలోచించాడే?"

"ఆలోచించలేదమ్మా" అంది డైరెక్టరమ్మ. "నీ ఫోను ఆగేదాకా ఓపిక పట్టాడు."

"నా ఫోనేంటే?"

"ఇంటికెళ్లాక చెప్తా. సినిమా చూడు."