పేరుపేరునా

ఇదీ చెత్తే, తీసెయ్, అదీ చెత్తే, తీసెయ్, పొద్దున్నించీ ఇదే పని, జీతం లేని కాపలా, పాలమూరోళ్లు రెండు వందల మంది మాట్లాడుకునే ఈ చిన్న సర్వర్‌ని పెట్టింది నేనే కాబట్టి ఊడవాల్సిందీ నేనే, వేరే సర్వర్లలో ఉన్నవాళ్లు కూడా మాతో మాట్లాడొచ్చు, దీని అందమూ అదే, ఖర్మా అదే, వాళ్ల దగ్గర పడ్డ చెత్త మా దగ్గరికీ వస్తుంది, మూడు రోజులుగా ఒక పక్క సర్వర్ నుంచి ఇంట్లో కూర్చుని ఉద్యోగం అంటూ ఒకటే మాట వందలమందికి, ఆ సర్వర్‌లోనే ఉంటాడు నూరుద్దీన్ భాయ్, మక్తల్‌లో బట్టలు కుడతాడు, ఎన్నడూ ఎదురుపడలేదు, అయినా నాలుగేళ్లుగా రోజూ మధ్యాహ్నం ఉమా బేటీ తిన్నవా అని రాస్తాడు, ఈ కిరాయి గదిలో నన్ను ఆ మాట అడిగే మనిషి ఇంకొకరు లేరు, ఆరు రోజులుగా ఆయనా అడగడం లేదు, పోయినవారం తొందరలో జవాబివ్వలేదు నేను, అలిగాడేమో, అంతమాత్రానికి అలిగే మనిషి కాదే, ఇదిగో మెయిల్, ఎవరో రబియా, నిన్న పొద్దున నేను ఆపేసిన ఖాతా, ఆ పక్క సర్వర్‌లోనే కొత్త ఖాతా, ఒకే సందేశం మా వాళ్లు నలభై మూడు మందికి, కింద ఫోన్ నంబరు, ఫిల్టర్ అనుమానం అని ఎవరికీ చేరకుండా ఆపి నాకు చూపించింది, నేను చదవనైనా చదవకుండా నొక్కేశాను, ఆ విసుగులో వాళ్ల సర్వర్‌నే మొత్తం ఆపేశాను, ఇప్పుడు బతిమాలుతుంది కాబోలు, అందరూ బతిమాలతారు.

సర్వర్ నడిపేటోళ్లకు, నేను నూరుద్దీన్ బిడ్డను, అబ్బా ఐదు రోజులు దవాఖానల ఉండి నిన్న తెల్లారంగ పోయిండు, జుమ్మా నమాజ్ అయినంక మట్టి అని చెప్పెటందుకే ఖాతా తెరిచిన, మందికంత ఒక్కటేసారి చెప్తే ఇజ్జత్ గాదు, చావు కబురు ఎవరికి వాళ్లకు పేరు వెట్టి చెప్పాలె అని అబ్బా పేర్లు రాసిచ్చిండు, గట్లనే చెప్పిన, ఎందుకు ఆపిండ్రు, ఒక్కరు గూడ రాలే.

ఆయన దవాఖానలో ఉంటే నేను ఇక్కడ కూర్చుని అలిగాడనుకుంటున్నాను, రెండు గంటల బస్సు, ఆఖరుసారి ముఖమైనా చూసేదాన్ని, మొదటిసారి కూడా అదే అయ్యేది, ఇప్పుడు ఏడిస్తే ఎవరికి ఉపయోగం, అయినా ఏడుపొస్తోంది, ఆపేసిన సందేశాలు ఇంకా ఉన్నాయి, ఒక్కొక్కటే తెరుస్తున్నాను, బాలస్వామి చాచా, అని మొదలై అదే కబురు, గ్లోరీ టీచరమ్మా, అదే కబురు, రాంచందర్ భాయ్, అదే కబురు, కాపీ చేసింది కాదు, ఒక్కోదాంట్లో ఒక్కో అక్షరం తప్పు, పోయిన తండ్రి పక్కన కూర్చుని నలభై మూడుసార్లు టైపు చేసింది ఆ పిల్ల, పదిహేడోది, ఉమక్కా, అబ్బా పోయిండు, జర రా, అంతే, తన చావు ఎవరెవరికి చెప్పాలో రాసుకున్న మనిషి అందులో నన్నూ రాశాడు, నేనూ ఒక ఇంటికి అయినదాన్నే, ఆ సంగతి నాకు ఆయన మట్టి అయిన మర్నాడు తెలిసింది.