సీటు వెనక చెయ్యి

నలభై నాలుగేళ్ళ వయసులో వాగియం సైకిలు నేర్చుకోవలసి వచ్చింది.

సోయాగింజలు ఉడకబెట్టి, అరిటాకుల్లో పొట్లాలు కట్టి, అవి పులిసి ‘తెంపే’ అనే గట్టి ముద్దయ్యేదాకా కాచుకోవడం ఆమె పని. దాన్ని మోటారుబండి మీద సంతకు చేర్చడం మొగుడి పని. ఈ ఏడు ఆయన పామాయిల్ తోటల్లో పని దొరికిందని సముద్రం దాటి కలిమంతాన్ దీవికి వెళ్ళాడు, బండి అమ్మేసి మరీ. సంత నాలుగు కిలోమీటర్ల దూరం.

సైకిలు ఇచ్చింది పై ఊళ్ళో బట్టలు కుట్టే సుర్తి. ముప్ఫై ఏళ్ళు పైబడి కొట్టంలో పడివున్న ఇనప సైకిలు. ఊరికే తీసుకుపొమ్మంది. కొట్టం తాళంచెవి చేతికిచ్చిందే గానీ తను మాత్రం గడప దిగలేదు.

నేర్పడానికి ఆడపడుచు జుమిని నడుం కట్టింది. చెరుకుతోటకూ కాలువకూ మధ్య తిన్నగా పోయే మట్టిదారి. మనుషులు పెద్దగా తిరగరు.

“వదినా, ఆ హ్యాండిలు పీక ఎందుకట్లా పిసుకుతున్నావ్? అదేం చేసింది పాపం?”

“నోర్మూసుకుని గట్టిగా పట్టుకోవే. వదిలావంటే చూడు!”

“పట్టుకునే ఉన్నాలే. అబ్బ, నువ్వు తినేది తెంపేనా, బండరాళ్ళా?”

రెండు రోజులు చెరుకులో పడింది, గట్టు మీద పడింది, ఒకసారి జుమిని మీదే పడింది. మూడోనాడు పొద్దున సైకిలు ఉన్నట్టుండి నిటారుగా నిలబడింది. చక్రాలు పట్టాల మీద పోయినట్టు పోతున్నాయి. సీటు వెనక పట్టు గట్టిగా తెలుస్తోంది. వట్టికాళ్ళ చప్పుడు తపతపమంటూ వెంటే వస్తోంది.

“వదలకే!” అంది వాగియం. ఎగశ్వాస వీపుకి తగులుతోంది.

దారి చివర కాలు ఆనించి, దిగి, వెనక్కి తిరిగింది. జుమిని ఎక్కడో, కోడిపెట్టంత కనిపిస్తోంది. “ఎప్పుడో వదిలేశా వదినా! నువ్వే తొక్కావ్!” అని అక్కణ్ణించే చప్పట్లు కొడుతోంది.

వాగియం చేతులు హ్యాండిలు మీదినుంచి జారిపోయాయి. సైకిలు పడలేదు. స్టాండు వెయ్యని సైకిలు, ఎవరో పట్టుకున్నట్టు దారి మధ్యలో అలాగే నిలబడి ఉంది.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కావాలనే ఒక పక్కకి ఒరిగింది. సైకిలు ఆమెను మెల్లగా, ఓపికగా లేపి నిలబెట్టింది. లవంగం సిగరెట్టు వాసన వచ్చింది. ఆ పూటనుంచి ఆమె ఒక్కసారీ పడలేదు. ఊళ్ళో అందరూ మెచ్చుకుంటుంటే ఆమెకు మాత్రం మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. ఆపినప్పుడల్లా వెనక ఆ రొప్పు వినిపించేది. రోజురోజుకీ అది బరువెక్కుతోంది.

పదోనాడు తెల్లారేసరికి మెరాపి అగ్నిపర్వతం బూడిద కురిసింది. చెట్లూ కప్పులూ అన్నీ ఒకే రంగు. ఒక్క పిట్ట కూడా అరవడం లేదు. ఊరు దాటగానే తొక్కడం మొదలుపెట్టిన వాగియం, దారి చివరిదాకా వెళ్ళి, సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వచ్చింది. సగం దారిలో జుమిని ఎదురైంది. జోకులు లేవు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“వదినా, నీ వెనకాల పరిగెత్తిందెవరు?”

బూడిదలో చక్రాల గీత. దాని పక్కనే వెడల్పాటి వట్టికాళ్ళ గుర్తులు. వేళ్ళు లోతుగా దిగాయి, పరిగెత్తే మనిషికి దిగినట్టు.

“మసీదు పెద్దాయన్ని పిలుద్దాం పద,” అంది జుమిని గొణుగుతూ.

“ముందు సైకిలు ఇచ్చినామెను అడుగుదాం,” అంది వాగియం.

సుర్తి మిషను ఆపి అంతా వింది. సూదిలోంచి దారం తీసేసింది. మళ్ళీ ఎక్కించబోయి, ఆ దారాన్నే వేలికి చుట్టుకుంది.

“నాకప్పుడు పన్నెండేళ్ళు. అదే దారిలో మా నాన్న నేర్పాడు. ‘నువ్వు వదలమనేదాకా వదలను తల్లీ’ అన్నాడు. ఆరోజు నాకు వచ్చేసింది. ఎంత కుషీగా ఉందో! తొక్కుతూనే ఉన్నా. వెనక రొప్పుతున్నాడని తెలుస్తూనే ఉంది. వదిలెయ్ అనలేదు, ఆయన ఉంటేనే బాగుందని. కాలువ చివర ఆగి చూస్తే...” సుర్తి మిషను మీది గుడ్డ తీసి మడతపెట్టింది. “సగం దారిలో బోర్లా పడున్నాడు. అప్పటికే పోయాడు.”

“అక్కా, ఆయన ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాడు,” అంది వాగియం.

మధ్యాహ్నం ముగ్గురూ దారి దగ్గరికి వచ్చారు. పొద్దుటి గుర్తుల్ని కొత్త బూడిద కప్పేసింది. సూర్యుడు మాసిన రాగిపైసాలా ఉన్నాడు. సుర్తి చెప్పులు విడిచి, నలభై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ ఆ సైకిలెక్కింది. ఊగింది. ఒరిగింది. అంతలోనే నిటారుగా నిలబడింది.

వాగియం, జుమిని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చూస్తున్నారు. సుర్తి వెనక మనిషి లేడు. బూడిదలో మాత్రం కాలి గుర్తులు పడుతున్నాయి. ఒకటి, దాని ముందు ఇంకొకటి, వరసగా, తొందరతొందరగా.

సగం దారి దాటాక సుర్తి గొంతు వినిపించింది.

“నాన్నా! ఇంక వదిలెయ్! నాకొచ్చేసింది నాన్నా, వదిలెయ్!”

గుర్తులు ఆగిపోయాయి. సైకిలు ఒక్కసారి పాములా మెలిక తిరిగి, సర్దుకుని, ముందుకు పోయింది. దారి మధ్యలో రెండు పాదాలు పక్కపక్కన మిగిలాయి, ఎవరో నిలబడి చూస్తున్నట్టు. వాళ్ళు చూస్తుండగానే బూడిద రాలి వాటిని పూడ్చేసింది.

సుర్తి చాలాసేపటికి సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. బూడిద పట్టిన ముఖం మీద రెండు చారలు. “తీసుకో,” అని హ్యాండిలు వాగియం చేతికిచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి నడిచింది.

మర్నాడు వాగియం పది గజాలు తొక్కి కాలువలో పడింది.

“అయ్యో వదినా, మళ్ళీ మొదట్నించా!” అంది జుమిని. నవ్వింది గానీ, ఈసారి సీటు పట్టుకోలేదు. “నేను పక్కన నడుస్తా, నీకు కనపడుతూ. వెనక మాత్రం ఉండను బాబూ.”

“నేనూ ఉండనివ్వను,” అని వాగియం మోకాలు తుడుచుకుని లేచింది. ఆమెకు సైకిలు రావడానికి ఇంకా పదహారు రోజులు పట్టింది.