ఆడపడుచు సంచి

నాగశ్రీకి ఒళ్ళు మండిపోయింది. ఓపికుంటే మంచం దిగి వెళ్ళిపోయేదే. ఓపికెక్కడుంది? చేతికి సెలైన్ గుచ్చి ఉంది, కూర్చున్న చోటే పరిగెత్తి వచ్చినదానిలా రొప్పుతోంది. ఆ స్థితిలో ఉన్న మనిషిని పట్టుకుని దొంగమాటలు చెబుతున్నావంటే మండదూ మరి?

"తిట్టనండీ నాగశ్రీ గారూ, నిజం చెప్పండి," అంది డాక్టర్ రెబెకా స్టూలు దగ్గరికి లాక్కుని. "క్యాప్సూల్స్ ఎప్పుడు మానేశారు?"

"మానడమేంటండీ? ఒక్క పూట తప్పితే ఒట్టు! పెళ్ళిళ్ళకెళ్ళినా పర్సులో పెట్టుకెళ్ళాను."

"మీ ప్రాణం మీదకొచ్చిందని పైవాళ్ళనడిగి మీ కోడ్ విప్పించాం. మీకు వచ్చింది అసలు మందే. ఆ మందు వేసుకునే మనిషి రక్తంలో ఇంత ఆమ్లం ఉండదు. మీరు బాగా ఆలోచించుకోండి, రౌండ్స్‌ అయ్యాక మళ్ళీ వస్తాను," అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

ఈ మందు గొడవేమిటో ముందు చెప్పాలి. నాగశ్రీ అవనిగడ్డ హైస్కూల్లో సోషల్ టీచరు. ఆమె అన్నయ్య వెంకటసుబ్రహ్మణ్యం గుడివాడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళమ్మ పోతూ పోతూ ఇద్దరికీ సమానంగా పంచిపెట్టిన ఆస్తి ఒకటే, కిడ్నీల నిండా నీటితిత్తులు. కిడ్నీ నీరసపడితే ఒంట్లో పుట్టే ఆమ్లం బయటికి పోదు. రక్తంలోనే పేరుకుని ఎముకను, కండను, చివరికి మిగిలిన ఆ కాస్త కిడ్నీని కూడా తింటుంది. సోడా మందుతో ఆ ఆమ్లాన్ని విరిచేస్తే డయాలసిస్ కొన్నాళ్ళు వెనక్కి జరుగుతుందా అని తేల్చడానికి బందరు ఆసుపత్రిలో ట్రయల్ మొదలుపెట్టారు. సగం మందికి సోడా, సగం మందికి ఉత్త పిండి. క్యాప్సూల్ పైకి ఒకేలా ఉంటుంది. ఎవరి సీసాలో ఏముందో ఇచ్చే డాక్టరుకు కూడా తెలియదు, ఆ గుట్టు పైవాళ్ళ దగ్గర కోడ్‌లో ఉంటుంది.

ఆ కబురు తెచ్చింది అన్నయ్యే. "ఇద్దరం చేరదాం నాగూ. ఎవరికేది రాసిపెట్టుంటే అది వస్తుంది. రేపు మన పిల్లల్లో నీ హరిణికో నా సుధన్వకో ఈ జబ్బొస్తే, మనం మింగిన గోళీలే వాళ్ళకి దారి చూపిస్తాయి," అన్నాడు. ఆ మాటకు నాగశ్రీ కళ్ళు చెమర్చాయి. అన్నయ్య మాటంటే ఆమెకు వేదం.

పరీక్షల రోజున ఇద్దరూ పరగడుపున బందరులో కలుసుకునేవాళ్ళు. రక్తాలిచ్చి, కొత్త సీసాలు తీసుకుని, అన్నయ్య కారులో గుడివాడ వెళ్ళేవాళ్ళు. లీలావతి వదిన వేడివేడిగా వడ్డించేది. నాగశ్రీ ఓ కునుకు తీసి, సాయంత్రం మొవ్వ మీదుగా వెళ్ళే బస్సెక్కేది. ఆడపడుచు పుట్టింటి నుంచి ఉత్త సంచితో వెళ్ళకూడదని వాళ్ళింటి ఆనవాయితీ. అమ్మ పోయాక ఆ సంచి సర్దే పని అన్నయ్యే నెత్తిన వేసుకున్నాడు, వదినను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. చెల్లెలు పడుకున్నప్పుడు వెనక గదిలో కూర్చుని జాకెట్ ముక్క, పసుపు కుంకుమ, అరటిపళ్ళు, చింతకాయ పచ్చడి, వాటి మధ్య మందు సీసా, అన్నీ కుదురుగా పేర్చేవాడు. "మా అన్నయ్య సర్దితే అప్పడం కూడా విరగదు," అని నాగశ్రీ స్టాఫ్‌రూములో చెప్పుకుని మురిసిపోయేది.

మొదట్లో ఆ క్యాప్సూల్స్ ఎంత పని చేశాయో! పాఠం మధ్యలో బ్రేవ్‌మని త్రేన్పు వచ్చేది. గోలీసోడా తాగొచ్చారా టీచర్ అని పిల్లలు కిసుక్కుమనేవాళ్ళు. సిగ్గుగానే ఉన్నా ఒళ్ళు తేలికపడింది, చచ్చిపోయిన ఆకలి లేచొచ్చింది, మేడ మీది క్లాసుకు ఆగకుండా ఎక్కగలిగింది. ఆ తర్వాత త్రేన్పులు ఆగిపోయాయి. మందు ఒంటికి అలవాటైపోయింది కాబోలనుకుంది. మెల్లగా అన్నం సయించడం మానేసింది. నోట్లో ఇనుప రుచి, వాంతులు, నాలుగడుగులేస్తే రొప్పు. ఆ రొప్పుతోనే నిన్న బ్లాక్‌బోర్డు దగ్గర కూలబడితే తోటి టీచర్లు కారులో బందరు చేర్చారు.

అన్నయ్యకేమో ఈ మధ్య బుగ్గలు నిండాయి. కిందటిసారి భోజనాల దగ్గర బ్రేవ్‌మని ఇల్లదిరేలా త్రేన్చాడు. "మీ అన్నయ్య పక్కన కూచోలేకపోతున్నాం నాగశ్రీ, ఒకటే త్రేన్పులు," అని వదిన ముక్కు మూసుకుంది. ముగ్గురూ పడీపడీ నవ్వుకున్నారు. పోనీలే, అన్నయ్యకైనా ఒంటికి పట్టింది అని సంతోషించింది కూడా, పిచ్చి మాలోకం.

ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద ఆ త్రేన్పు గుర్తొచ్చింది. ఛీ ఛీ, ఎంత పాపిష్టి ఆలోచన అని లెంపలేసుకుంది. కానీ ఆలోచన పోలేదు. తన త్రేన్పులు ఆగిందెప్పుడు, అన్నయ్యకు మొదలైందెప్పుడు? ఆ సీసా తన చేయి దాటి వెళ్ళింది ఒక్క చోటికే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, త్రేన్పు పట్టిచ్చింది.

అంతలో ఆయనే వచ్చాడు, చేతిలో ఫ్లాస్కుతో. "జావ తెచ్చానమ్మా. వదిన పొద్దున్నే లేచి కాచింది."

"నా సీసాలో మందు మార్చావా అన్నయ్యా?"

మూత తిప్పుతున్న చేయి ఆగిపోయింది. నీకేమైనా పిచ్చిపట్టిందా అని అరుస్తాడని ఎదురుచూసింది నాగశ్రీ. అరిస్తే బావుణ్ణు! ఒక్క కసురు కసిరితే చాలు, కాళ్ళు పట్టుకుని క్షమించమనేది. ఆయన తలుపు వైపు చూశాడు.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు.



"ఊరికే కుతూహలం కొద్దీ చేశాను నాగూ, ఒట్టు. నాదొకటి, నీదొకటి విప్పి నిమ్మరసంలో వేశాను. నీది బుస్సుమని పొంగింది. నాది ముద్దయి అడుగున కూచుంది. అప్పుడే నా రిపోర్టులు బాగా రాలేదు. భయమేసింది. చిన్నదానివి, తట్టుకుంటావనుకున్నాను. సగం సగం కలుపుదామనే అనుకున్నా మొదట."

"కలిపావా?"

ఆయన ఫ్లాస్కు మూతను అటూ ఇటూ తిప్పాడు.

"ఎన్నిసార్లు వాంతులవుతున్నాయని ఫోను చేశాను నీకు! నిమ్మకాయ వాసన చూడమన్నావు. నిమ్మకాయ!" నాగశ్రీ రొప్పుతూనే అంది. "అయినా అది సోడాయే కదా? ఏ మందుల కొట్లో అడిగినా ఇస్తారు. నువ్వు కొనుక్కుని మింగితే నీ చెయ్యెవడు పట్టుకున్నాడు?"

వెంకటసుబ్రహ్మణ్యం నొచ్చుకున్నాడు. నటన కాదు, నిజంగానే నొచ్చుకున్నాడు.

"బయటి సోడా ముట్టుకోనని రాసిచ్చాం కదమ్మా. సంతకం పెట్టి మోసం చేయడం నా వల్ల కాదు."

"మరి నాకు చేసిందేంటి?"

"నువ్వు పరాయిదానివా?" అన్నాడాయన.

ఆసుపత్రివాళ్ళు పరాయివాళ్ళు కాబట్టి వాళ్ళ దగ్గర నీతి. చెల్లెలు సొంతం కాబట్టి ఆమె మందు కూడా సొంతం! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది తన బతుకు. ఏడుపు రాలేదు, ఒట్టి అసహ్యం వేసింది.

ఆయన ఇంకా దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "డాక్టరడిగితే మధ్యలో మానేశానని చెప్పు. నీకు పోయేదేం లేదు. ఇక్కడ ల్యాబులో ఉన్నవాళ్ళు నా స్టూడెంట్లు నాగూ, తల ఎత్తుకోలేను."

"అలా చెబితే పిండి తిన్నవాడు బాగుపడ్డాడని, మందు తిన్నది మంచాన పడిందని రాసుకుంటారు. ఆ సోడాయే పనికిరాదంటారు. రేపు పిల్లలకిదే జబ్బొస్తే?"

"ఒక్కళ్ళిద్దరితో ట్రయల్ ఏమీ మునిగిపోదులే. నీ అన్నయ్య పరువు కంటే ఎక్కువా ఇది?"

తలుపు తెరుచుకుని రెబెకా లోపలికి వచ్చింది. ఆయన గబుక్కున జావ గ్లాసులో వంపాడు. "తాగమ్మా, వేడిగా ఉంది," అన్నాడు, అందరికీ వినబడేలా, ముద్దుగా.

"ఏమండీ, గుర్తొచ్చిందా?" అని రెబెకా అడిగింది.

నాగశ్రీ అన్నయ్య ముఖంలోకి చూసింది. ఆయన చిన్నగా తల ఊపాడు. చెప్పమని.

"నేను మానలేదు డాక్టరు గారూ. నా మందు మా అన్నయ్య తీసుకుని, నా సీసాలో ఆయన పిండి పోశాడు. మీ లెక్కలో అలాగే రాసుకోండి."

గ్లాసులోని జావ దుప్పటి మీద ఒలికింది. రెబెకా ఆయన వైపు తిరిగి, "నిజమేనాండీ?" అంది. ఆయన తలొంచుకున్నాడు. ఆవిడ కేస్‌షీటు తీసి ఆ మాట రాసుకుంది. తర్వాత మెల్లగా, ఇక ఇద్దరూ ట్రయల్లో ఉండటానికి వీల్లేదని, ఇద్దరికీ రేపటి నుంచి మామూలుగానే సోడా మాత్రలు రాసిస్తానని చెప్పింది. "మీ మాత్రలు కూడా అన్నయ్యగారి చేతికే ఇమ్మననా, ఫార్మసీ కిందుంది?" అని చీటీల కోసం అప్పుడే లోపలికి వచ్చిన నర్సు అలవాటుగా అడిగింది.

"వద్దు," అంది నాగశ్రీ. "నా చేతికివ్వండి. లేదా ఎవరైనా పరాయివాళ్ళకివ్వండి."