బాయిలర్‌కి అడ్డం

గున్నయ్యను ఇద్దరు చెరోవైపు పట్టుకొని కోర్టు వరండాలోకి తీసుకొచ్చారు. ఉద్దానం జబ్బు అతని కిడ్నీలను తినేసింది. ముందురోజే డయాలసిస్ చేయించుకున్నాడు. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. అయినా వచ్చాడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ బాయిలర్ పేలి సైమన్ చనిపోయినప్పుడు పక్కనుండి చూసి, బతికి బయటపడ్డవాడు అతనొక్కడే.

సైమన్ భార్య కెజియా అతని పక్కన కూర్చుంది.

"ఈపాలి సెప్పేత్తానమ్మా," అన్నాడు గున్నయ్య. "వాల్వు పాడైపోనాదని మేం మొత్తుకుంటే, గింజలు ఉడుకుతున్నాయి కదా, మీకేటి బాధ అన్నాడు ఓనరు. నా సెవులతో ఇన్నాను."

మధ్యాహ్నం దాటాక బంట్రోతు బయటికొచ్చాడు. పాత జడ్జి బదిలీ అయ్యారు, కొత్తవారు రాలేదు, ఇన్‌ఛార్జి గారు వేరే ఊళ్లో ఉన్నారు. అన్ని కేసులూ వాయిదా.

వరండా నిండా జనం. పొలంగట్టు తగాదాల రైతులు, మనోవర్తి కోసం తిరిగే ఆడవాళ్లు, బారువ నుంచి వచ్చిన చేపలవాళ్లు. అందరూ లేచారు. బట్టలు దులుపుకొని బస్సులకు నడిచారు. కెజియా కూడా లేచింది. ఆమెకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. అవి ఎప్పుడో అయిపోయాయి.

తర్వాతి వాయిదా రాకముందే గున్నయ్య పోయాడు.

అతన్ని సాగనంపడానికి ఫ్యాక్టరీ ఆడవాళ్లంతా వచ్చారు. లాయరు మాధవీలత కూడా వచ్చింది. "సాక్షి లేకుండా కష్టమే. నేను వదలను గానీ, ఎప్పటికి తేలుతుందో చెప్పలేనమ్మా," అంది.

కెజియా తల ఊపింది. ఆమె ఇంకా ఆ ఫ్యాక్టరీలోనే పొట్టు తీస్తోంది. పనిలోంచి తీసేస్తే కేసులో తనకే చెడ్డపేరని యజమాని ఉంచాడు.

"అదే బాయిలరుకి అతుకేసి మండిత్తన్నాడు," అంది కెజియాతో పొట్టు తీసే పెద్దతల్లి. జీడిరసానికి కమిలి ఆమె వేళ్లు నల్లగా ఉన్నాయి. "ఇప్పుడు దాని కాడ నా కొడుకున్నాడు."

"ఏటి సేత్తాం అప్పా? పని పోతే పిల్లలకేటి పెడతాం?" అంది వాళ్లతో పనిచేసే కీర్తి.

"కాలిపోతే ఏటి పెడతావే?"

మాటా మాటా పెరిగింది. కొందరు లేచి వెళ్లబోయారు. అప్పుడు కెజియా, ఎవరివైపూ చూడకుండా, మెల్లగా అంది: "సైమన్ కేసు ఎప్పుడు తేలుతాదో అప్పుడు తేలనీ. బాయిలరు మాత్రం రేపు మండకూడదు."

మర్నాడు ఆడవాళ్లు బాయిలరు పొయ్యికి అడ్డంగా కూర్చున్నారు. యజమాని కారు దిగి అరిచాడు. "కేసు కోర్టులో ఉంది కదా! తీర్పు రాకుండా ఆపడానికి మీరెవరు?"

"తీర్పు రాలేదని నువ్వాపినావేటి?" అంది కెజియా. అతన్ని నువ్వు అనడం అదే మొదలు. "మండించడానికి నీకు తీర్పక్కర్లేదు. ఆపడానికి మాకెందుకు?"

పోలీసులు వచ్చారు. విషయం కోర్టు పరిధిలో ఉందని, లేవమని ఎస్సై చెప్పాడు. ఎవరూ లేవలేదు. జబ్బలు పట్టి ఈడ్చారు. ముందురోజు వాదించిన కీర్తి పెద్దతల్లి నడుం పట్టుకొని వదల్లేదు. ఇద్దర్నీ కలిపే వ్యానులోకి తోశారు.

కెజియా వ్యాను కిటికీ జాలీ పక్కన కూర్చుంది. మోచెయ్యి చీరుకుపోయింది. నొప్పి తెలియడం లేదు. సైమన్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు కూడా ఇలాగే ఏమీ తెలియలేదు.

వ్యాను పక్క ఫ్యాక్టరీ దాటబోతుండగా గోల విని గేటులోంచి ఆడవాళ్లు బయటికొచ్చారు. కోతపని మధ్యలో వదిలేసినట్టున్నారు, జీడిరసం అంటకుండా చేతులకు రాసుకున్న బూడిద అలాగే ఉంది. వాళ్లలో ఒకామె వ్యానులోకి చూసింది. రోడ్డు మధ్యకి నడిచి కూర్చుంది. ఆమె పక్కన మరొకామె. ఎదుటి ఫ్యాక్టరీలోంచి ఇంకొందరు.

డ్రైవరు హారన్ మీదనుంచి చెయ్యి తీయలేదు. పోలీసులు లాఠీలతో దిగారు.

కెజియా జాలీని రెండు చేతులా పట్టుకుంది.

"లేవకండి!" అని అరిచింది. "లేవకండి!"